మన యంత్రాలు: కొలిచి కుట్టుకున్న లైబ్రరీ



ఈ శీర్షికకు తరచు వచ్చే ప్రశ్న ఒకటున్నది. "మా స్కానరు కొని చాలా ఏళ్ళయింది. దీపం వెలుగుతున్నది, మోటారు తిరుగుతున్నది. కొత్త కంప్యూటరుకు తగిలిస్తే మాత్రం ముక్కూమొహం తెలియనట్టు ఊరుకుంటున్నది. పారేయమంటారా?" పారేయవద్దనే మా సలహా. కనీసం ఈ సంచిక చదవడం పూర్తయ్యేదాకా ఆగండి.

మన సంఘానికీ అటువంటి స్కానరు ఒకటి ఉన్నది. సభ్యులొకరు విరాళంగా ఇచ్చినది. దాని మూతలో ఇంకొక దీపం ఉండడం వల్ల కాగితాలనే కాక 35 మిల్లీమీటర్ల స్లైడులను కూడా అది చదువుతుంది. ఈ దేశానికి తొలిరోజుల్లో వచ్చిన కుటుంబాల వద్ద అటువంటి స్లైడులు పెట్టెలకొద్దీ ఉన్నాయి. అద్దె హాలులో జరుపుకున్న ఉగాదులు, మంచులో పట్టుచీరలు, గడ్డాలు అంటించుకుని వేసిన నాటకాలు. ఆ బొమ్మల్లో ఎవరు ఎవరో పేరుపేరునా చెప్పగల పెద్దలు మన మధ్య ఉండగానే వాటిని కంప్యూటరులోకి ఎక్కించి, పేర్లు రాసుకోవాలని కార్యవర్గం సంకల్పం. స్లైడుల రంగు వెలిసినా కొంత దిద్దుకోవచ్చును. పేరు చెప్పేవారు లేకపోతే దిద్దుకునేందుకు ఏమీ ఉండదు. తక్కువ ధరకు దొరికే కొత్త స్కానర్లలో చాలావాటికి మూతలో దీపం ఉండదు. కాబట్టి ఉన్న స్కానరునే మళ్ళీ మాట్లాడించవలసి వచ్చింది. ఆ పని ఎలా జరిగిందో, అందులో నేర్చుకోదగినది ఏమిటో ఈ నెల విన్నవించుకుంటున్నాము.

జబ్బు ఎక్కడున్నది?

జబ్బు స్కానరులో లేదు. స్కానరుకూ కంప్యూటరుకూ మధ్య దుబాసీలాగా పనిచేసే ప్రోగ్రామును డ్రైవరు అంటారు. ఆ డ్రైవరును స్కానరు తయారుచేసిన కంపెనీ ఆనాటి విండోస్ కోసం, 32 బిట్ల పద్ధతిలో తయారుచేసి ఇచ్చింది. 64 బిట్ల విండోస్ అటువంటి పాత డ్రైవరును తన గర్భగుడిలోకి రానివ్వదు. 2021లో వచ్చిన విండోస్ 11 అయితే 64 బిట్లలో మాత్రమే దొరుకుతుంది. కొత్త డ్రైవరు రాసి ఇవ్వవలసినది ఆ కంపెనీయే. దాని మూల రచన, అంటే సోర్స్ కోడు, వారి దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. పాత సరుకు కోసం మళ్ళీ శ్రమపడడం వారికి గిట్టుబాటు కాదు. వారు మానుకున్నారు, మన స్కానరు మూగదయింది. అంతే కథ.

ఇక్కడ లినక్సు కంప్యూటరు ఆదుకుంటుంది. అందులో సేన్ అనే ప్రోగ్రాముల కూటమి ఉన్నది. ఎన్నో రకాల స్కానర్ల భాషలు దానికి వచ్చును. మీ స్కానరు దానికి తెలుసునో లేదో ముందుగా సేన్ వారి జాబితాలో చూసుకోవాలి. అందులో లేని స్కానరుకు కింద చెప్పబోయేదేదీ పనికిరాదు. ఈ మాట మొదటే చెప్పడం న్యాయం. మన సంఘం స్కానరు ఆ జాబితాలో ఉన్నది.

ఉత్తరాలు మోసే పోస్టుమాను

యూఎస్‌బీ మొదటి ప్రమాణం 1996 జనవరిలో వెలువడింది. అంతకుముందు ప్రింటరుకు ఒక రకం సాకెట్టు, మౌసుకు ఇంకొక రకం, స్కానరుకు మరొక రకం ఉండేవి. వీటన్నిటికీ కలిపి ఒకే దారి వేసిన ఇంటెల్ ఇంజనీర్లలో బరోడాలో చదువుకున్న అజయ్ భట్ ఒకరు. ఆయనకూ, బాల సుదర్శన్ కదంబితో సహా ఆయన సహచరులకూ 2013లో యూరోపియన్ ఇన్వెంటర్ అవార్డు ఇచ్చారు.

యూఎస్‌బీ వస్తువు ప్రతిదానికీ రెండు అంకెలు ఉంటాయి. ఒకటి తయారుచేసిన వారి అంకె, అంటే ఇంటిపేరు. రెండవది ఆ మోడలు అంకె, అంటే పేరు. తగిలించగానే కంప్యూటరు అడుగుతుంది, వస్తువు ఈ రెండూ చెబుతుంది. లినక్సులో ఎల్ఎస్‌యూఎస్‌బీ అనే ఆజ్ఞ ఇస్తే తగిలించి ఉన్న వస్తువులన్నీ ఈ అంకెలతో సహా వరుసగా కనిపిస్తాయి. మీ స్కానరు ఆ వరుసలో కనిపిస్తే కేబులు, సాకెట్టు బాగున్నట్టే. సగం దిగులు అక్కడే తీరుతుంది.

ఇక పరిచయం చేయవలసినది లిబ్‌యూఎస్‌బీ అనే లైబ్రరీని. లైబ్రరీ అంటే ఇక్కడ గ్రంథాలయం కాదు. పలు ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకునే పనిముట్ల పెట్టె. సేన్ రాసిన ఉత్తరాన్ని స్కానరుకు చేర్చడం, స్కానరు ఇచ్చిన జవాబును సేన్‌కు తెచ్చి ఇవ్వడం దాని పని. పోస్టుమాను ఉత్తరం విప్పి చదవడు, అందులో ఏమున్నదో ఆయనకు అక్కరలేదు. ఆయన రాకపోతే మాత్రం ఊళ్ళో ఎంత చదువుకున్నవాళ్ళు ఉన్నా కబురు అందదు. స్కానరు భాష తెలిసినది సేన్‌కు, మోసుకొచ్చేది లిబ్‌యూఎస్‌బీ. దీనివల్ల ఇంకొక లాభం కూడా ఉన్నది. కంప్యూటరు గర్భగుడిలో ఏ మార్పూ చేయకుండా, మామూలు ప్రోగ్రాముగా బయట నిలబడే వస్తువుతో మాట్లాడవచ్చును.

ఈ లైబ్రరీ చరిత్రలో మన సంఘాలవారు విని నవ్వుకోదగిన ఘట్టం ఒకటున్నది. 1.0 వెర్షను 2008 డిసెంబరులో వచ్చింది. తరువాత కొత్త విడుదలలు ఆలస్యమవుతున్నాయని కొందరు అసంతృప్తి చెంది, 2012లో లిబ్‌యూఎస్‌బీఎక్స్ అని వేరు కుంపటి పెట్టారు. 2014లో మళ్ళీ రెండూ కలిసిపోయాయి. మూల రచన అందరికీ అందుబాటులో ఉన్నందువల్లనే వేరుపడినవారు పని ఆపకుండా సాగించగలిగారు, చేసిన పనిని తిరిగి ఉమ్మడిలో కలపగలిగారు. వాడుకునేవారు ఎవరూ నట్టేట మునగలేదు. తాళం ఒక్కరి దగ్గరే ఉన్న డ్రైవరుకూ దీనికీ తేడా అదే.

రెడీమేడా, దర్జీయా?

ఈ లైబ్రరీని రెండు విధాలుగా తెచ్చుకోవచ్చు. ఒకటి రెడీమేడ్. ఉబుంటు, డెబియన్ వంటి లినక్సులు దీన్ని తయారుగా ప్యాకేజీ చేసి ఇస్తాయి. చాలామందికి అది సరిపోతుంది. అది సరిపోయినప్పుడు ఇంకో ఆలోచన పెట్టుకోవద్దు. రెండవది, గుడ్డ తెచ్చి మన కొలతలకు కుట్టుకోవడం, అంటే మూల రచన నుంచి మన కంప్యూటరు మీదే తయారుచేసుకోవడం. రెడీమేడ్‌లో దొరికే వెర్షను మరీ పాతదయినప్పుడు, మనకు కావలసిన మరమ్మతు కొత్త వెర్షనులోనే ఉన్నప్పుడు దర్జీ పని తప్పదు. సంఘం లాప్‌టాప్ పాతది, అందులోని లినక్సూ పాతదే. అందుచేత మేము కుట్టించే దారే పట్టాము. ఆజ్ఞలను కంప్యూటరు మీద ఇంగ్లీషు అక్షరాలలోనే కొట్టాలి. మన పత్రిక తెలుగు గనుక ఇక్కడ వాటి పలుకుబడిని రాస్తున్నాము.

మొదటిది, గుడ్డ తేవడం. లిబ్‌యూఎస్‌బీ వారి సొంత విడుదలల పేజీ నుంచే తెచ్చుకోండి. దారినపోయే సైట్ల నుంచి వద్దు. ఒక విడుదల కింద రెండు రకాల మూటలు కనిపిస్తాయి. వెర్షను అంకె పేరులో ఉండి, చివర టార్, బీజెడ్2 అని ఉన్నది ఒకటి. ఉదాహరణకు 2024 జనవరిలో వచ్చిన 1.0.27 మూట. సోర్స్ కోడ్ అని మాత్రమే రాసి ఉన్నది రెండవది. మొదటిదే తీసుకోండి. రెండవ దానిలో కాన్‌ఫిగర్ అనే ఫైలు ఉండదు. దాన్ని పుట్టించడానికి ఆటోకాన్ఫ్, ఆటోమేక్, లిబ్‌టూల్ అనే మరి మూడు పనిముట్లు కావాలి. "పుస్తకంలో చెప్పినట్టే చేశాం, కాన్‌ఫిగర్ లేదంటున్నది" అనేవారి గొడవ చాలాసార్లు ఈ రెండవ మూట వల్లనే.

రెండవది, కొలతలు తీయడం. మూట విప్పి, ఆ ఫోల్డరులోకి వెళ్ళి, కాన్‌ఫిగర్ ఆజ్ఞ ఇవ్వాలి. అది మీ కంప్యూటరును నఖశిఖపర్యంతం కొలుస్తుంది. కంపైలరు ఉన్నదా, ఏ రకం ప్రాసెసరు, ఏయే సదుపాయాలు ఉన్నాయి అని ఒక్కొక్కటే అడిగి, జవాబు తెర మీద రాసుకుంటూ పోతుంది. తెర నిండా పరుగెత్తే ఆ వరుసలు చూసి బెదరవద్దు. అది దర్జీ కొలతల పుస్తకం. ఎక్కడైనా ఆగిపోతే ఆఖరి రెండు మూడు వరుసలు మాత్రం శ్రద్ధగా చదవండి. కారణం సాధారణంగా అక్కడే ఉంటుంది. కంపైలరు లేదంటే డెబియన్, ఉబుంటులలో బిల్డ్ ఎసెన్షియల్ అనే ప్యాకేజీ తెచ్చుకోవాలి. యూడెవ్ హెడరు లేదంటే లిబ్‌యూడెవ్ డెవ్ అనే ప్యాకేజీ కావాలి. వస్తువును తగిలించినప్పుడు, తీసినప్పుడు కబురు పెట్టేది ఈ యూడెవ్. అది లేకుండా కూడా కుట్టుకోవడానికి వీలున్నది గాని, మామూలు కంప్యూటరు మీద అలా చేయడం మంచిది కాదు. లోటు తీర్చి మళ్ళీ కాన్‌ఫిగర్ అనండి.

మూడవది, కుట్టడం. మేక్ అని కొడితే చాలు. మనుషులు చదవగల సీ భాషలోని రచన మీ ప్రాసెసరుకు అర్థమయ్యే రూపంలోకి మారుతుంది. ఇది చిన్న లైబ్రరీ. కాఫీ కలుపుకుని వచ్చేలోపల పని పూర్తవుతుంది.

నాలుగవది, బీరువాలో సర్దడం. మేక్ ఇన్‌స్టాల్ అన్న ఆజ్ఞకు ముందు సుడో అన్న మాట చేర్చాలి. అది ఇంటి యజమాని అనుమతి వంటిది. ఆ అనుమతి ఇన్‌స్టాల్ మెట్టుకే కావాలి. కాన్‌ఫిగర్‌కూ మేక్‌కూ అక్కరలేదు, ఇవ్వనూ వద్దు. చొక్కా కుట్టడానికి బీరువా తాళాలు ఎందుకు? లైబ్రరీ యూఎస్ఆర్ లోకల్ అనే చోట, లిబ్ ఫోల్డరులో చేరుతుంది. దాన్ని వాడుకునే ఇతర ప్రోగ్రాములను తయారుచేయడానికి కావలసిన హెడరు ఫైలు ఇన్‌క్లూడ్ ఫోల్డరులో చేరుతుంది. లినక్సు సొంతంగా ఇచ్చిన పాత లైబ్రరీ వేరే చోట ఉంటుంది. దాని జోలికి పోవద్దు. ఇంకా ఎన్నో ప్రోగ్రాములు దాని మీద ఆధారపడి ఉంటాయి. మనది వద్దనుకుంటే అదే ఫోల్డరు నుంచి మేక్ అన్‌ఇన్‌స్టాల్ అంటే పోతుంది. అందుకే మూల రచన ఉన్న ఆ ఫోల్డరును తుడిచివేయకండి.

ఐదవది, ఇంటిల్లిపాదికీ చెప్పడం. చొక్కా ఏ అరలో పెట్టామో చెప్పకపోతే ఎవరికి దొరుకుతుంది? ఎల్‌డీకాన్‌ఫిగ్ అనే ఆజ్ఞ, ఇదీ సుడోతోనే, ఆ పని చేస్తుంది. ఇది మరిచినప్పుడు "ఫైలు లేదు" అని ప్రోగ్రాము మొరాయిస్తుంది. వెళ్ళి చూస్తే ఫైలు అక్కడే కళ్ళెదుట ఉంటుంది. కొన్ని రకాల లినక్సులలో యూఎస్ఆర్ లోకల్ లిబ్ అనే చోటు వెదికే జాబితాలోనే ఉండదు. అప్పుడు దాన్ని ముందుగా ఆ జాబితాలో చేర్చి, తరువాత ఎల్‌డీకాన్‌ఫిగ్ అనాలి.

సరిచూసుకోవడం కూడా పనిలో భాగమే. పీకేజీ కాన్‌ఫిగ్ అనే పనిముట్టును లిబ్‌యూఎస్‌బీ వెర్షను ఎంత అని అడిగితే మనం కుట్టిన అంకె చెప్పాలి. ఆ తరువాత సేన్‌ను కూడా ఇదే వరుసలో, కాన్‌ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్ అంటూ తయారుచేసుకోవాలి. లైబ్రరీ ముందు, సేన్ తరువాత. ఈ క్రమం తప్పరాదు. ఒక ప్రోగ్రాము నిజంగా ఏ లైబ్రరీని పట్టుకున్నదో ఎల్‌డీడీ అనే ఆజ్ఞ చూపిస్తుంది. అందులో లోకల్ అన్న మాట కనిపిస్తే మన కుట్టు చొక్కాయే తొడుక్కున్నట్టు.

తలుపు దగ్గర కాపలా

ఇంత చేసిన తరువాత కూడా స్కానరు పలకకపోవచ్చు. లిబ్‌యూఎస్‌బీ చెప్పే దోషాల అంకెలు మూడు గుర్తుంచుకుంటే మేలు. మైనస్ 3 అంటే అనుమతి లేదని. మైనస్ 4 అంటే వస్తువు లేదని, అంటే కేబులు ఊడి ఉండవచ్చు. మైనస్ 6 అంటే ఇంకెవరో దాన్ని పట్టుకుని ఉన్నారని.

ఎక్కువగా ఎదురయ్యేది మైనస్ 3. యూఎస్‌బీ వస్తువుతో నేరుగా మాట్లాడే హక్కు మామూలు వాడుకరికి ఉండదు. యజమానిగా నడిపితే పనిచేసి, మామూలుగా నడిపితే పనిచేయకపోతే జబ్బు ఇదేనని నిశ్చయించుకోవచ్చు. అలాగని ఎప్పుడూ యజమానిగానే నడుపుకోవడం మంచి అలవాటు కాదు. ఈటీసీ కింద యూడెవ్, దాని కింద రూల్స్ డాట్ డీ అనే ఫోల్డరులో ఒక్క వరుస ఫైలు రాయాలి. ఫలానా ఇంటిపేరు అంకె, ఫలానా మోడలు అంకె గల వస్తువు వచ్చినప్పుడు స్కానర్ అనే బృందానికి అనుమతి ఇవ్వమని, 0660 అనే అంకెతో. కొందరు 0666 అని రాయమంటారు. అది కంప్యూటరులో ఖాతా ఉన్న ప్రతివారికీ తలుపు తెరిచి పెట్టడం. వాడుకరిని స్కానర్ బృందంలో చేర్చి, యూడెవ్‌కు నియమాలు మళ్ళీ చదవమని చెప్పి, ఒకసారి లాగౌటయి తిరిగి లోపలికి రావాలి. స్కానరు కేబులు తీసి మళ్ళీ పెట్టాలి. ఆ తరువాత స్కాన్‌ఇమేజ్ అనే ఆజ్ఞ పక్కన చిన్న గీత, పెద్ద ఎల్ పెట్టి కొడితే సేన్ తనకు కనిపించిన స్కానర్ల పేర్లు చదువుతుంది.

మన సంఘం స్కానరు పేరు అలా తెర మీదికి వచ్చింది. మొదటి స్లైడులో ఎనిమిది మంది ఉన్నారు. పక్కనే కూర్చున్న పెద్దావిడ ఏడుగురి పేర్లు చెప్పారు. ఎనిమిదవవారు ఎవరో ఇంకా తేలవలసి ఉన్నది.

చివరగా ఒక మాట. ఇదంతా చదివి, "ఇంత శ్రమ ఎందుకు, డబ్బు పారేస్తే కొత్తది రాదా?" అని కొందరికి అనిపించవచ్చు. అది వారి ఇష్టం, తప్పు లేదు. అయితే కొత్తది కూడా ఒకనాటికి పాతదవుతుంది. దాని డ్రైవరు తాళం కూడా ఒక్కరి చేతిలోనే ఉంటే మళ్ళీ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. డబ్బు ఇచ్చి కొన్న వస్తువు మనదే. అది ఎన్నాళ్ళు పలుకుతుందన్నది మాత్రం మూల రచన ఎవరి దగ్గర ఉన్నదన్న దాని మీద ఆధారపడుతుంది. లిబ్‌యూఎస్‌బీని ఎల్‌జీపీఎల్ అనే లైసెన్సు కింద ఇస్తున్నారు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికి పంచవచ్చు. మార్చి పంచేవారు ఆ మార్చిన మూలాన్ని కూడా ఇవ్వాలి. తీసుకున్నవారు తరువాతివారికి తాళం వేయరాదన్నది అందులోని ధర్మం.

అందుచేత మేము చేసిన ఏర్పాటు ఇది. లిబ్‌యూఎస్‌బీ, సేన్ మూల రచనల మూటలను, యూడెవ్ నియమం ఫైలును రెండు పెన్ డ్రైవులలో వేసి, ఒకటి స్కానరు పెట్టెలోనూ, ఒకటి కార్యదర్శి గారింటిలోనూ ఉంచాము. మెట్లన్నీ కాగితం మీద రాసి స్కానరు మూతకు లోపల కాక, పెట్టెకు లోపలి వైపు అంటించాము. పదేళ్ళ తరువాత ఆ పెట్టె తెరిచే పిల్లలు మమ్మల్ని వెదుక్కోనక్కరలేదు.

ఇక సభ్యులకు మనవి. మీ ఇళ్ళల్లోని స్లైడులను, ఎండలోనూ వేడిలోనూ ఉంచకుండా, నెలాఖరు ఆదివారం సమావేశానికి తీసుకురండి. అంతకంటె ముఖ్యం, వాటిలోని మనుషులను గుర్తుపట్టగల పెద్దలను వెంటబెట్టుకుని రండి. స్కానరు బొమ్మను మాత్రమే చదవగలదు. పేరు చెప్పవలసినది వారే.

వచ్చే సంచికలో, ఆ బొమ్మలను ఏ ఫైలు పద్ధతిలో దాచాలి, పేర్లను వాటితోపాటే ఎలా భద్రపరచాలి అన్న సంగతి ముచ్చటిస్తాము. అంతవరకు సెలవు.